రంగం కోడలు చెల్లించిన రుసుము

మా అత్తగారు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుని, అరుగు మీద తీరిగ్గా పొగ వదులుతున్నారు. మా ప్రాంతంలో ఆ తరం ఆడవాళ్ళు చుట్ట అలాగే కాల్చేవారు, దాన్ని అడ్డపొగ అంటారు. ఆ సంగతి తెలియని కొత్తకోడలు అప్పుడే బండి దిగి వచ్చి, ఆవిణ్ణి చూసి, "ఓలమ్మో, నోరు కాలిపోతంది!" అని ఒక్క కేక పెట్టింది. పెట్టి ఊరుకుందా? ఎగిరి దూకి చుట్ట లాగి పారేసి, కాళ్ళు కడుక్కోవడానికి పెట్టిన చెంబెత్తి నీళ్ళన్నీ అత్తగారి మొహాన కొట్టింది. అత్తాకోడళ్ళ తొలి పలకరింపు అది.

నేను ఆ ఇంటి పెద్దకోడల్ని. ఎలమంచిలి నుంచి కాపురానికి వచ్చి అప్పటికి కొన్నేళ్ళయినా, అత్తగారి ఎదుట గట్టిగా తుమ్మడానికి ధైర్యం చాలేది కాదు. అందుకని స్తంభం వెనక్కి తప్పుకుని, ఇక ఇల్లు లేచిపోతుందని ఎదురుచూశాను. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఆ పిల్ల బండి దగ్గరికి పరుగెత్తి, తన రేకుపెట్టె తెరిచి, బొటనవేలంత లావూ జానెడు పొడుగూ ఉన్న చుట్ట ఒకటి తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో అందించింది. అది తిరగేసి పెట్టుకోవడానికి ఏ నోరూ చాలదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా అత్తగారు చుట్టను లోకంలో అందరిలాగా కాల్చారు. రెండు గుక్కలు పీల్చి, కళ్ళు మూసుకుని, "పెద్దకోడలా, ఈ గుంటకి బేగి అన్నం ఎట్టు," అన్నారు. నేను అన్నేళ్ళు వంచిన నడుం ఎత్తకుండా చేసినా రాని మెప్పు ఆ పిల్లకి ఒక్క చుట్టతో వచ్చింది. నాకు కుళ్ళు పుట్టింది, దాచుకోవడమెందుకు?

ఆ పిల్ల మా మరిది భార్య, బర్మా మనిషి. మావైపు రంగూన్‌ని రంగం అంటారు. ఆ రోజుల్లో రంగం వెళ్ళనివాళ్ళు లేని వీధి ఉండేది కాదు. మా మరిది కూడా మీసాలు రాకముందే వెళ్ళి అక్కడ బియ్యం మిల్లులో లెక్కలు రాసేవాడు. అరవైల్లో అక్కడి మిలిటరీ ప్రభుత్వం మనవాళ్ళ దుకాణాలూ మిల్లులూ తీసేసుకుని పొమ్మంటే, ఓడెక్కి విశాఖపట్నంలో దిగి, ఒక రేకుపెట్టెతో, ఒక భార్యతో అనకాపల్లి వచ్చిపడ్డాడు. ఇక తిరిగి ఆ దేశంలో కాలు పెట్టనివ్వరని అతనికి చెప్పి మరీ పంపారట.

ఆమెకి అక్కడ తల్లి ఉంది. ఓడ కదిలేముందు రేవులో ఆ తల్లి ఇచ్చిన చుట్టల కట్టే పెట్టెలో అడుగున ఉన్నది. "మా యమ్మ సుట్టినవి. అయిపోతే మళ్ళీ ఎల్లి తెత్తాను," అనేది, పక్క వీధికి వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా.

ఆమె తెలుగు వింటే మతి పోయేది. మిల్లులో మూటలు మోసే మన జిల్లా కూలీల దగ్గర నేర్చుకున్న తెలుగు అది. మా నాన్న బడిపంతులు కాబట్టి నేను కాస్త శుభ్రమైన భాష మాట్లాడేదాన్ని. బుగ్గలకి ఏదో చెట్టు బెరడు అరగదీసి పూసుకుని, లుంగీ కట్టుకుని, జడలో పువ్వు పెట్టుకున్న ఆ పరదేశం మనిషి నోరు విప్పితే మాత్రం, గొలుగొండ సంతలో పదేళ్ళు మిరపకాయలు అమ్మినావిడ మాట్లాడినట్టు ఉండేది. కూరలమ్మి వచ్చి నన్ను వదిలేసి ఆమెతో బేరమాడేది. "పెద్దమ్మగోరి మాట నాకు తెల్దు, సిన్నమ్మగోరిని పిలవండి," అనేది.

అయినా సర్కారు దృష్టిలో ఆమె విదేశీయురాలే. మన దేశంలో ఉండాలంటే అనుమతి కాగితం కావాలి, దానికి గడువు, ఆ గడువు తీరేలోగా పొడిగింపు. పొడిగించేది పట్నంలో ఉన్న పెద్దాఫీసు. కాని ముందుగా మా ఊళ్ళో ఒక కచేరీ నుంచి, ఈవిడ ఫలానా ఇంట్లో సక్రమంగా ఉంటోంది, అభ్యంతరం లేదు అని రిపోర్టు వెళ్ళాలి. ఏ కచేరీయో చెప్పను. అందులో ఇప్పుడున్నవాళ్ళు ఏం పాపం చేశారు? దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారే, ఆ పూజారి మా ఊరి కచేరీలో గుమస్తా. నుదుట పెద్ద బొట్టు, చెవి మీద పెన్సిలు, ఎవరు వచ్చినా ముందు చేతుల్లోకి చూసి తర్వాత మొహంలోకి చూసే అలవాటు.

కచేరీ ఎదుట చింతచెట్టు నీడలో బల్ల వేసుకుని అర్జీలు రాసే ముసలి సాయిబు గారు ఒకాయన ఉండేవారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నన్నూ అత్తగారినీ కూర్చోబెట్టి, వ్యవహారం అంతా ఆయనే విప్పి చెప్పారు.

"సూడండమ్మా, ఫీజులు రెండు రకాలు. రసీదు ఉన్నది, రసీదు నేనిది. రసీదు ఉన్నది కడితే మీ తప్పు ఉండదు. రసీదు నేనిది కడితే మీ పని ఉంటాది. తెర ఎత్తినందుకు బంట్రోతుకి. ఫైలు దించినందుకు గుమస్తాకి. దుమ్ము దులిపినందుకు వేరే. సిరా ఎండిపోకండా వేరే. ఊరోళ్ళకి ఒక రేటు, పరదేశపోళ్ళకి డబల్. హుజూరు మాత్రం మంచివాడు, తెర అవతల కూకుంటాడు, ఏటీ ఎరగడు." ఇదంతా ఆయన హోటల్లో కుర్రాడు ఇడ్లీ, వడ, పూరీ అని అప్పగించినంత హాయిగా చెప్పారు.

మా అత్తగారు బెల్లం వర్తకుల ఇంట పుట్టి బెల్లం వర్తకుల ఇంట మెట్టినావిడ. ఇచ్చేందుకు అభ్యంతరం లేదు, బేరమాడకుండా ఇవ్వడానికే అభ్యంతరం. కచేరీ మెట్ల మీద కూర్చున్న చిన్నకోడల్ని వెంటబెట్టుకుని తిన్నగా గుమస్తా బల్ల దగ్గరికి వెళ్ళి, "డబలేటి బాబూ? మా సిన్నకోడలు పరదేశం మనిసేటి? నువ్వే సూడు. ఒలే, ఓ మాట మాటాడే," అన్నారు.

"ఏటి మాటాడమంతావత్తా? ఈ బాబు మొకం సూత్తే నాకు నవ్వొత్తంది," అంది ఆమె.

గుమస్తా పెన్సిలు జారిపోయింది. "ఈవిడ బర్మా మనిషా? అబద్ధమాడకండి, ఈ భాష కశింకోట అవతల లేదు!"

"సూసేవా? అంచేత ఊరోళ్ళ రేటే తీసుకో," అన్నారు అత్తగారు గెలిచినట్టు.

"ఊరివాళ్ళే అయితే పర్మిట్టు ఎందుకమ్మా మీకు?" అన్నాడు గుమస్తా. దాంతో అత్తగారు గొణుక్కుంటూ డబలే ఇచ్చారు. ఇంటికి వచ్చేదాకా జట్కాలో ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకుంటూనే ఉన్నారు. మేమిద్దరం నా కొంగే చెరో కొసా నోట్లో కుక్కుకుని నవ్వాం.

ఇంకో బాధ ఉంది. ఆమె ఊరు దాటి ఎక్కడైనా రాత్రి ఉండాలంటే ముందుగా చెప్పాలి. గొలుగొండలో మా ఆడపడుచు ఇంట పెళ్ళి. ఆ పెళ్ళికి వెళ్ళడానికి కచేరీలో ఒక కాగితం, కాగితానికి మామూలు. అత్తగారు, "పెళ్ళికొడుకు తరపోళ్ళకి కూడా ఇంత మర్యాద సెయ్యనేదు కదే!" అని దారి పొడుగునా తిట్టుకున్నారు. పెళ్ళిలో మా తోటికోడలు వీధి భాగోతం వాళ్ళ పక్కన నిలబడి బర్మా డాన్సు చేసింది. ఆ డాన్సుకి అనుమతి అడగలేదని తర్వాత గుర్తొచ్చి, మళ్ళీ ఒకసారి భయపడి, మళ్ళీ ఒకసారి నవ్వుకున్నాం.

ఇక్కడ బొజ్జన్నకొండ సంగతి చెప్పాలి. మా ఊరి పక్క శంకరంలో, కొండను తొలిచిన గుహల్లో ఎప్పటివో బుద్ధుడి విగ్రహాలు ఉన్నాయి. మావాళ్ళు ఆయన్ని బొజ్జన్న అంటారు. మాకు ఆ కొండ మేకలు మేసే చోటే గాని గుడి కాదు. ఓ పున్నమి నాడు ఊరికే చూపిద్దామని ఆమెని తీసుకెళ్ళాం. గుహ గుమ్మంలో అడుగు పెట్టి, రాతిలో కూర్చున్న ఆయన్ని చూసి, "మా సామి! ఈయన మా సామి! నాకంటే ముందే వచ్చీసేడేటి?" అని అక్కడే కూలబడిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తర్వాత మా చేతుల్లో ఉన్న అరటిపళ్ళు తీసుకుని, రెండు చేతులతో ఆయన ముందు పెట్టి, మోకాళ్ళ మీద వంగి, మాకు తమ ఆచారం చెప్పింది. వాళ్ళ దేశంలో ఎవరైనా దానం చేస్తే ఆ పుణ్యం దాచుకోకూడదట. అందరూ వినేట్టు "పంచుకోండి" అని మూడుసార్లు పిలవాలట. విన్నవాళ్ళు "సాధు, సాధు, సాధు" అనాలట. అన్నవాళ్ళకీ సగం పుణ్యం.

"ఖర్చు మనది, పున్నెం అందరికీనా?" అన్నారు అత్తగారు అనుమానంగా.

"పంచితే తరగదత్తా, పెరుగుతాది."

ఆ వ్యాపారం అత్తగారికి నచ్చింది. అప్పటి నుంచి ప్రతి పున్నమికీ కొండకి వెళ్ళడం, పళ్ళు పెట్టడం, మేకల కాపర్లతో సహా అందరం "సాధు" అనడం మా ఇంటి ఆనవాయితీ అయిపోయింది. ఇంట్లో పిల్లికి పాలు పోసినా సరే, ఆమె "పంచుకోండి" అనేది, మేం ఎక్కడ ఉన్నా "సాధు" అనేవాళ్ళం.

మరుసటి ఏటి చెరకు కోతల నాటికి ఆమెకి అయిదో నెల. సరిగ్గా అప్పుడే అనుమతి గడువు దగ్గరపడింది. మా మరిది కచేరీ చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. సర్కారు ఫీజు కడతానన్నా, చలానా రాసి ఇవ్వకుండా రేపు రమ్మంటాడు గుమస్తా. చివరికి సాయిబు గారు మమ్మల్ని పిలిచి లోపాయికారీగా చెప్పారు. "ఈపాలి గట్టిగా సూసుకోమంతన్నాడు. గడువు లోపల రిపోర్టు ఎల్లకపోతే ఆయమ్మ ఓడెక్కాల్సిందే. మీ కొలగారానికి కొత్త బెల్లం వచ్చిందట కదా అని కూడా అన్నాడు." కొలగారం అంటే మా ఊళ్ళో బెల్లం అమ్మే కొట్టు. మాకు ఒకటుంది.

ఓడెక్కడమంటే మాటలా? ఆమె వెళ్తే ఒక్కతే వెళ్ళాలి, మా మరిదిని ఆ దేశం రానివ్వదు. కడుపులో బిడ్డతో ఒక ఒడ్డున ఆమె, ఇంకో ఒడ్డున అతను. ఒకప్పుడు ఆమె మీద కుళ్ళుకున్న నేను ఆ సాయంత్రం వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, పొగ వంక పెట్టుకుని ఏడ్చాను. నాకు ఆ ఇంట్లో నవ్వడం నేర్పింది ఆ పిల్లే.

అత్తగారు మాత్రం పెరట్లో నులకమంచం మీద కూర్చుని కార్యాచరణకి దిగారు. చిన్నకోడల్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు.

"రేపు ఆ గుమస్తాకి బెల్లం దిమ్మ ఇయ్యాల. కవరు కూడా ఇయ్యాల."

"పేదోడేటత్తా?"

"కాదు. మేడుంది."

"సన్నాసేటి?"

"కాదు. పెళ్ళాం, పిల్లలు."

"మరెందుకియ్యాలి?"

అత్తగారికి లంచం అనే మాట ఎత్తి, కడుపుతో ఉన్న పిల్లకి మన దేశం పరువు తీయడం ఇష్టం లేకపోయింది. కాస్త ఆలోచించి, "అడిగినోడికి ఇత్తే పున్నెమే. అలగనుకో," అన్నారు.

"పున్నేనికా? అయితే నానే ఇత్తాను," అంది ఆమె. అంతటితో మాట అయిపోయిందనుకున్నాం.

మర్నాడు జట్కాలో ముగ్గురం బయల్దేరాం. దిమ్మ మీద గుడ్డ కప్పి, కవరు దాని కిందికి తోసి, పళ్ళెం నా ఒళ్ళో పెట్టుకున్నాను. కచేరీ హాలు కిటకిటలాడుతోంది. ఊళ్ళ నుంచి వచ్చిన రైతులు గోడల వెంబడి గొంతుక్కూర్చుని ఉన్నారు. పళ్ళెం నెమ్మదిగా బల్ల కిందుగా అందించాలని సాయిబు గారు ముందే చెప్పారు. గుమస్తా కూడా చెయ్యి బల్ల కిందికే చాపి, కళ్ళు పైనున్న దూలం మీద పెట్టి సిద్ధంగా ఉన్నాడు.

ఆమె నా చేతిలో పళ్ళెం తీసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. పైగుడ్డ తీసి మడిచి నాకిచ్చింది. కింద ఉన్న కవరు తీసి అందరికీ కనబడేట్టు దిమ్మ మీద పెట్టింది. జడలో పువ్వు తీసి కవరు మీద పెట్టింది. అప్పుడు హాలు నడిమధ్య, గుమస్తా ఎదురుగా, అయిదో నెల పొట్టతో నిదానంగా మోకాళ్ళ మీదకి వంగి, పళ్ళెం రెండు చేతులతో తలకంటే ఎత్తుగా పట్టుకుని, మిల్లు కూలీల గొంతుతో ఎలుగెత్తింది.

"ఈ బాబు అడిగేడు, మావు ఇత్తన్నాం! ఈ పున్నెం మాకొక్కలికే వద్దు! కూకున్నోళ్ళకి, నిలబడ్డోళ్ళకి, తెరకాడ బంట్రోతుకి, గోడ మీద బల్లికి, అందరికీ! పంచుకోండి! పంచుకోండి! పంచుకోండి!"

నేనూ అత్తగారూ ఏం చేయాలి? అలవాటైన నోళ్ళు. "సాధు, సాధు, సాధు!" అనేశాం. మనవాళ్ళకి ఎవరైనా రెండుసార్లు అంటే మూడోసారి కలవడం పుట్టుకతో వచ్చిన విద్య. రైతులందరూ చేతులెత్తి "సాధూ!" అన్నారు. బంట్రోతు కూడా అన్నాడు. దూలం మీద పావురాలు లేచిపోయాయి.

తెర తొలగింది. లోపలున్న అధికారి కళ్ళజోడు సర్దుకుంటూ బయటికి వచ్చాడు. "ఏమిటిది? ఏం జరుగుతోంది?"

గుమస్తా చెయ్యి ఇంకా బల్ల కిందే ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, "ప్రసాదం సార్… బొజ్జన్నకొండ ప్రసాదం," అన్నాడు.

"ప్రసాదమైతే అందరికీ పెట్టు. మరి ఆ కవరు?"

గుమస్తా నుదుటి బొట్టు చెమటకి కారుతోంది. "అది… పర్మిట్టు ఫీజు సార్. వీళ్ళు కట్టడానికి తెచ్చారు."

"తెస్తే చలానా రాయవేం?" అని అధికారి అక్కడే నిలబడ్డాడు. గుమస్తా తన చేత్తో చలానా రాశాడు. తన చేత్తో కవరు చింపి ఫీజు తీసుకున్నాడు. మిగిలింది తన చేత్తోనే మాకు తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత దిమ్మ పగలగొట్టి గోడ వెంబడి వరసగా రైతులందరికీ పంచాడు. కక్కలేక మింగలేక అంటారే, అది నేను కళ్ళారా చూసింది ఆ రోజే. మా అత్తగారైతే రసీదు పట్టుకుని, రసీదు లేని ఫీజుకి రసీదు పుట్టించిన మొదటి మనిషి తన కోడలేనని చింతచెట్టు కింద చాటింపు వేశారు. సాయిబు గారు నవ్వలేక పొట్ట పట్టుకుని బల్ల మీద వాలిపోయారు.

జట్కాలో అత్తగారు ముందు కూర్చుని, "ఎర్రిమాలోకం! పాలు కారే మనసు! దీనికి లంచమంటే ఏటో కూడా తెల్దు కదే!" అని మురిసిపోతున్నారు. ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"మా రంగంలో దాన్ని టీ డబ్బులంతారక్కా. నాను ఓడెక్కడానికి ఎన్ని ఆపీసుల్లో ఇచ్చేనో."

ఈసారి నేను ఆమె చెవి దగ్గరికి వంగాను. "మరి ఆ పున్నెం, పంచుకోండి, అదంతా నాటకమా?"

"నాటకమేటి? ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చేను," అంది కొంచెం కోపంగా.

ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఫీజు కట్టాం, రసీదు ఉంది, కాని రిపోర్టు మాత్రం వెళ్ళలేదు. ఊళ్ళో రైతులు గుమస్తాని సాధు గారూ అని పిలవడం మొదలుపెట్టారు. మార్కెట్లో కూరలమ్మేవాళ్ళు కూడా అదే పిలుపు. ఆ రంగం మనిషి కాగితం తాను బతికుండగా కదలదని అతను ఒట్టు పెట్టుకున్నాడని సాయిబు గారు కబురు చేశారు. మా మరిది తల పట్టుకుని, "ఒదినా, నవ్వుకున్నాం, పని సెడిపోయింది," అన్నాడు. ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అత్తగారు మా ఊరి నూకాలమ్మకి మొక్కుకున్నారు.

ఆమె ఒక్కతే నిబ్బరంగా తల దువ్వుకుంటూ, "పున్నమి వత్తంది కదక్కా. ఈపాలి కొండకి కాదు, కచేరీకే ఎల్దాం. ఇంకో దిమ్మ ఇత్తాను," అంది.

పున్నమి నాడు జట్కా కచేరీ సందు మలుపు తిరిగేసరికి నాకు కళ్ళు తిరిగాయి. పున్నమికి ఆ కచేరీలో బెల్లం పంచుతారని చుట్టుపక్కల ఊళ్ళలో మాట పాకినట్టుంది. పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ వచ్చి గుమ్మం నిండా కూర్చున్నారు. ముసలమ్మలు చిన్నపిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. మా జట్కాని చూడగానే ఎవరో "వచ్చేరు!" అన్నారు, అంతే, ఇంకా పళ్ళెం దించకుండానే "సాధూ!" అని గోల మొదలైంది.

ఆ గుంపుని రెండు చేతులతో చీల్చుకుంటూ గుమస్తా రోడ్డు మీదకి పరుగెత్తుకొచ్చాడు. చెవి మీద పెన్సిలు లేదు, కాలికి చెప్పు లేదు. జట్కా మెట్టుకి అడ్డంగా నిలబడి, "అమ్మా, దిగకండి. మీకు దణ్ణం పెడతాను, దిగకండి. రిపోర్టు రాసేశాను, హుజూరు సంతకం అయింది, ఈ వేళ టపాలోనే వెళ్ళింది. ఇదిగో నకలు," అని ఆమె ఒళ్ళో పడేశాడు.

"మరి బెల్లం తెచ్చేం కదా బాబూ?" అంది ఆమె.

"నాకొద్దు తల్లీ! నాకు షుగరు!"

బండివాడు గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. బెల్లం దారిలో ఎదురైనవాళ్ళకల్లా పంచుకుంటూ వచ్చాం. అత్తగారు పాట ఎత్తుకున్నారు. ఆవిడకి పాట వచ్చని నాకు అంతవరకూ తెలియదు.

మగపిల్లవాడు పుట్టాడు. ఏడాదికోసారి పొడిగింపు కోసం కచేరీకి వెళ్ళడం మాకు తీర్థం వెళ్ళినట్టే ఉండేది. గుమస్తా దూరం నుంచే చూసి లేచి నిలబడేవాడు. చలానా, సంతకం, రసీదు, అన్నీ క్షణాల్లో. ఊళ్ళో ఎవరికి ఏ ఆఫీసులో పని ఆగినా, "రంగం సిన్నమ్మగోరిని ఓపాలి పంపండి," అని మా అరుగు ఎక్కేవారు. ఆమె ఊరికే వెళ్ళి బెంచీ మీద కూర్చునేది, అంతే, ఫైళ్ళు కదిలేవి. రాను రాను గుమస్తాకి కూడా మా మీద కోపం పోయింది. పిల్లవాడి పుట్టినరోజుకి కలకండ పొట్లం పంపాడు. రెండు చేతులతో ఇచ్చి రమ్మని బంట్రోతుకి చెప్పాడట.

ఈ మధ్యలో రేకుపెట్టెలో చుట్టలు అయిపోయాయి. తల్లి నుంచి ఎప్పుడో ఒక ఉత్తరం వచ్చేది, తర్వాత అదీ రావడం తగ్గింది.

ఏటా ఈ తిరుగుడు ఎందుకు, భారత పౌరురాలిగా నమోదు చేయించుకుంటే సరిపోతుంది కదా అని సాయిబు గారే సలహా ఇచ్చారు. అర్జీ పెట్టాం. ఏళ్ళూ పూళ్ళూ పట్టింది గాని, ఆ దశాబ్దం వెళ్ళిపోయేలోగా మంజూరైంది. కాగితం తీసుకోవడానికి పండగ చీరలు కట్టుకుని వెళ్ళాం. ఆమె మొదటిసారి లుంగీ మాని నా పట్టుచీర కట్టుకుంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, అందుకని జట్కాలోనే ఉండిపోయారు.

గుమస్తా మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. ఫీజుకి రసీదు రాసి ఇచ్చాడు. సర్టిఫికెట్టు ఇచ్చాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఒక్కటి మిగిలిందమ్మా. మీ బర్మా పాస్‌పోర్టు ఇక్కడ ఒప్పజెప్పాలి," అన్నాడు.

ఆమె సంచీలోంచి ఆ చిన్న పుస్తకం తీసింది. అందులో ఫోటో ఉంది, జడలో పువ్వుతో, పెళ్ళికి ముందుది. ఒక పేజీ తిప్పింది, మళ్ళీ మూసింది.

"ఇది ఇచ్చేత్తే మా యమ్మని సూడ్డానికి ఎలగెల్తాను బాబూ?"

మనవాళ్ళని ఆ దేశం రానివ్వదు, ఇప్పుడు ఆమే మన మనిషి. నాకు ఆ క్షణం దాకా ఆ ఆలోచనే రాలేదు. ఆమె ఇక్కడ ఉండిపోవాలనే మేమంతా అన్నేళ్ళూ పోరాడాం. ఉండిపోవడమంటే ఏమిటో ఆమెని ఎవరం అడగలేదు.

ఆమె కుర్చీలోంచి లేచింది. చెప్పులు విడిచింది. పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పుస్తకాన్ని రెండు చేతులతో తలకంటే ఎత్తుగా పట్టుకుంది. గుమస్తా గబగబా లేచి, తనూ చెప్పులు విడిచి, రెండు చేతులతో అందుకున్నాడు.

"పంచుకోండి," అంది. ఆ రోజు ఒక్కసారే అంది.

ముందుగా గుమస్తాయే అన్నాడు, "సాధు," అని. తర్వాత నేను. తర్వాత బంట్రోతు, గోడ వెంబడి కూర్చున్నవాళ్ళు. ఈసారి పావురాలు లేవలేదు.

"దీనికి రసీదు ఉండదమ్మా," అన్నాడు గుమస్తా, క్షమించమన్నట్టు.

జట్కా దగ్గరికి వచ్చేసరికి అత్తగారు ఎప్పటిలాగే మెడ సాచి, "ఈపాలి ఎంత గుంజేడే?" అన్నారు.

"ఉన్నదంతా ఇచ్చేసేనత్తా," అంది ఆమె.

అత్తగారు గుమస్తాని తిట్టడానికి నోరు తెరిచి, కోడలి మొహం చూసి ఆగిపోయారు. ఏమనుకున్నారో, రొంటిలో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టి దాచుకున్నదొకటి బయటికి తీశారు. రంగం చుట్ట. ఆఖరిది. ఎన్నేళ్ళ నుంచి దాచారో, ఎండి పొట్టు రాలుతోంది. తనే అగ్గిపుల్ల గీసి వెలిగించి, "మీ యమ్మ సుట్టిందే. తాగు," అని కోడలికి ఇచ్చారు.

ఆమె ఒక గుక్క పీల్చింది. కళ్ళ నిండా నీళ్ళు. ఇంకో గుక్క పీల్చింది. కాలి కాలి అది కాస్త పొట్టిగా అయ్యాక, మమ్మల్నిద్దరినీ ఓసారి చూసి, అన్నేళ్ళలో ఎప్పుడూ చేయని పని చేసింది. చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంది.

"ఓలమ్మో, నోరు కాలిపోతంది!" అని అరిచి, మా అత్తగారు ఆ చుట్ట లాగేసి, తాగడానికి తెచ్చుకున్న మరచెంబు నీళ్ళన్నీ కోడలి మొహాన కొట్టారు.